స్పాంజి పోయింది, అక్షరం పోయింది

1983 జనవరిలో యాపిల్ కంపెనీ లీసా అనే కంప్యూటర్‌ని బయటపెట్టింది. ధర 9,995 డాలర్లు. మౌస్, విండోలు, మెనూలు, చెత్తబుట్ట బొమ్మ... ఇప్పుడు మనం అసలు గమనించనివన్నీ అప్పట్లో జనం నోరు తెరుచుకుని చూసినవి. ఆ లీసాల్లో ఇంకా మిగిలినవి కొన్నే. ఇప్పుడు వాటిలో ఒకదాన్ని అటక మీంచి దించి, దుమ్ము దులిపి, ఆన్ చేశారనుకోండి. అదృష్టం బాగుంటే స్క్రీన్ వెలుగుతుంది, మౌస్ కదులుతుంది. కీబోర్డు మీద పేరు టైప్ చేద్దామని చూస్తే మాత్రం ఒక్క అక్షరం రాదు. లేదా నాలుగైదు కీలు పనిచేస్తాయి, అవి కూడా బొటనవేలితో గట్టిగా నొక్కితేనే.

చిప్ కాలిపోయిందా? వైరు తెగిందా? చాలాసార్లు ఈ రెండూ కాదు. ప్రతి కీ కింద చొక్కా గుండీ సైజులో ఒక స్పాంజి ముక్క ఉంటుంది. అది పొడైపోయింది. అంతే కథ.

ఈ రకం కీబోర్డుల్ని ఇంగ్లీషు వాళ్ళు ఫోమ్ అండ్ ఫాయిల్ అంటారు. మనం స్పాంజి-రేకు కీబోర్డు అనుకోవచ్చు. వీటి గురించి చదవడం మొదలుపెట్టినప్పుడు నాకు ఒకటే డౌటు. స్పాంజి అనేది కరెంటు పారే వస్తువు కాదు కదా, అది పోతే కరెంటుకి వచ్చిన కష్టమేంటి? స్ప్రింగ్ పోయినా, రేకు చిరిగినా, తీగ తెగినా అర్థం చేసుకోవచ్చు. ఈ డౌటు తీరడానికి ఫస్ట్ ఇయర్ ఫిజిక్స్‌లో అందరం బట్టీపట్టి మర్చిపోయిన ఫార్ములా ఒకటి మళ్ళీ తెరవాల్సి వచ్చింది. అందుకే ఈ వ్యాసం.

ముందు కీ లోపల ఏముందో చూద్దాం. పైన మనం వేలు పెట్టే ప్లాస్టిక్ టోపీ. దాని కింద కిందికీ పైకీ జారే ఒక ప్లాస్టిక్ కడ్డీ. కడ్డీని మళ్ళీ పైకి లేపడానికి స్టీలు స్ప్రింగ్. ఇంతవరకూ మామూలే. కడ్డీ అడుగున ఒక బిళ్ళ తగిలించి ఉంటుంది. ఆ బిళ్ళలో మూడు పొరలు. పైన కడ్డీకి క్లిప్‌లా పట్టుకునే చిన్న ప్లాస్టిక్ ముక్క, మధ్యలో సుమారు 5 మిల్లీమీటర్ల మందం ఉన్న మెత్తటి స్పాంజి, అన్నిటికన్నా కింద గుండ్రటి రేకు. రేకు అంటే వంటింట్లో చపాతీలు చుట్టేది కాదు. మైలార్ అనే సన్నని ప్లాస్టిక్ పొర మీద అల్యూమినియం పూత పూసింది. లోహం వైపు స్పాంజికి అతికి ఉంటుంది, ప్లాస్టిక్ వైపు కిందికి చూస్తుంది. ఈ దిశ ముఖ్యం, గుర్తు పెట్టుకోండి, తర్వాత మా కొంప ముంచింది ఇదే.

ఈ బిళ్ళ కింద సర్క్యూట్ బోర్డు. ప్రతి కీకి ఎదురుగా బోర్డు మీద రెండు రాగి ప్యాడ్‌లు, ఒక దోసెని మధ్యకి కోసినట్టు, సగం సగంగా పక్కపక్కనే ఉంటాయి. రెండూ ఒకదాన్నొకటి తాకవు. కీ నొక్కితే రేకు దిగి వచ్చి ఆ రెండిటి మీదా పడుకుంటుంది. కానీ మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంది కాబట్టి లోహం లోహాన్ని తాకదు. స్విచ్ అంటే రెండు తీగలు తాకడమే అని మనం చిన్నప్పటి నుంచీ అనుకుంటాం. ఇక్కడ ఏదీ దేన్నీ తాకదు.

మరి కీ నొక్కినట్టు కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది? కెపాసిటర్ వల్ల. ఒక రాగి ప్యాడ్, దాని మీద ప్లాస్టిక్, ఆపైన లోహం: ఇదొక కెపాసిటర్. పక్క ప్యాడ్‌తో ఇంకో కెపాసిటర్. పైనున్న లోహం రెండిటికీ కామన్ కాబట్టి ఆ రెండూ సిరీస్‌లో ఉన్నట్టు. కీబోర్డులోని చిప్ ఒక ప్యాడ్‌కి చిన్న పల్స్ పంపి, రెండో ప్యాడ్ దగ్గర ఎంత వచ్చిందో చూస్తుంది. రేకు దూరంగా ఉంటే దాదాపు ఏమీ రాదు. దగ్గరగా ఉంటే పల్స్ కొంత అవతలికి దూకుతుంది. వచ్చింది ఒక గీత కన్నా ఎక్కువగా ఉంటే కీ నొక్కినట్టు లెక్క. తక్కువైతే లేదు. డీఎల్‌డీ క్లాసులో చెప్పినట్టు ప్రపంచం సున్నా, ఒకటి అని విడిపోలేదు. ఎవరో ఒకరు మధ్యలో ఆ గీత గీయాలి.

ఇప్పుడు ఆ ఫార్ములా. కెపాసిటెన్స్ అంటే మధ్యలో ఉన్న పదార్థం పర్మిటివిటీని విస్తీర్ణంతో గుణించి, దూరంతో భాగించడం. నేను వేసిన లెక్క ఇది (కంపెనీ డ్రాయింగ్‌లోంచి తీసింది కాదు, అంచనా కోసం నేను ఎంచుకున్న కొలతలు). రేకు వ్యాసం 12 మిల్లీమీటర్లు అనుకుందాం. మధ్యలో సందు పోగా ఒక్కో రాగి ప్యాడ్‌కి 50 చదరపు మిల్లీమీటర్లు వస్తుంది. మైలార్ మందం 25 మైక్రాన్లు, దాని డైఎలెక్ట్రిక్ కాన్‌స్టెంట్ 3.2. రేకు చక్కగా పరుచుకుంటే ఒక్కో కెపాసిటర్ సుమారు 56 పికోఫారడ్‌లు. రెండు సిరీస్‌లో ఉంటే సగం, అంటే 28. కీ వదిలేస్తే రేకు 3 మిల్లీమీటర్లు పైకి పోతుంది. అప్పుడు విలువ 0.07 పికోఫారడ్‌లు. 400 రెట్ల తేడా! పక్క తీగల నుంచి వచ్చే చెత్త సిగ్నల్ వల్ల నిజంలో ఇంత తేడా కనిపించదు గానీ, గీత గీయడానికి చాలినంత చోటు ఉంది.

ఇంతవరకూ స్పాంజి ఊసే రాలేదు చూశారా? ఇప్పుడు వస్తోంది. రేకుకీ బోర్డుకీ మధ్య 50 మైక్రాన్ల గాలి మిగిలిపోయిందనుకోండి. 50 మైక్రాన్లు అంటే దాదాపు ఒక సన్నని వెంట్రుక మందం. కంటికి చూస్తే రేకు బోర్డు మీద పడుకున్నట్టే ఉంటుంది. కానీ డైఎలెక్ట్రిక్ కాన్‌స్టెంట్ 3.2 కాబట్టి 25 మైక్రాన్ల మైలార్ అంటే దాదాపు 8 మైక్రాన్ల గాలితో సమానం. దానికి ఇంకో 50 మైక్రాన్ల గాలి కలిపితే మొత్తం 58. దూరం ఏడు రెట్లు పెరిగిందన్నమాట. 28 పికోఫారడ్‌లు కాస్తా 4 కన్నా తక్కువకి పడిపోతాయి. ఒక్క వెంట్రుక సందు, సిగ్నల్ ఏడో వంతు!

స్పాంజి పని ఇదే. అది స్ప్రింగ్ కాదు, కీని పైకి లేపేది అది కాదు. సన్నని రేకుని, దాని ముడతలతో సహా, బోర్డు మీద వెంట్రుక సందు కూడా లేకుండా అన్ని వైపులా సమానంగా అదిమి పట్టడమే దాని ఉద్యోగం. కడ్డీ కొంచెం ఒక పక్కకి ఒరిగి దిగినా స్పాంజి ఆ వంకరని తనలో కలిపేసుకుంటుంది. స్పాంజి చచ్చిపోయాక కూడా రేకు కిందికి వస్తుంది, బోర్డుని తాకుతుంది కూడా. కానీ ఒక అంచు మీద తాకుతుంది. మిగతా అంతా గాలి. చిప్ గీసిన గీత దాటదు. మనం కీ నొక్కుతూనే ఉంటాం, అది మాత్రం నువ్వు నొక్కలేదు పో అంటుంది.

పాత కీబోర్డు బాగుచేసేవాళ్ళు మొదట పొరపడేది కూడా ఇక్కడే. మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి, రెండు ప్యాడ్‌ల మీదా పెట్టి కీ నొక్కుతారు. బీప్ రాదు. స్విచ్ పోయిందనుకుంటారు. నిజానికి ఫ్యాక్టరీ నుంచి కొత్తగా వచ్చిన రోజు కూడా అది బీప్ అనేది కాదు! కెపాసిటర్ లోంచి డీసీ కరెంటు పారదు కదా. ఈ కీబోర్డు సర్క్యూట్ బాగుందో లేదో చూడాలంటే, బోర్డు విప్పి, పవర్ ఇచ్చి, ప్లాస్టిక్ పూత ఉన్న రేకు ముక్కని ప్యాడ్‌ల మీద వేసి వేలితో మెత్తగా అదమాలి. స్క్రీన్ మీద అక్షరం పడితే చిప్‌లన్నీ బతికే ఉన్నట్టు. జబ్బు స్పాంజిదే.

దీన్ని పెద్ద ఎత్తున తయారుచేసింది కీ ట్రానిక్ అనే అమెరికన్ కంపెనీ. 1969లో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్‌లో మొదలైంది. 1976లో ప్రాసెసర్ టెక్నాలజీ వాళ్ళ సోల్-20 అని ఒక కంప్యూటర్ వచ్చింది. దాన్ని డిజైన్ చేసింది లీ ఫెల్సెన్‌స్టీన్, హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ మీటింగులు నడిపిన మనిషి. పక్కలకి వాల్‌నట్ చెక్క తొడిగి, కీబోర్డు బాడీలోనే పెట్టి, చూడటానికి టైప్‌రైటర్‌కి తమ్ముడిలా ఉంటుంది. అందులో ఉన్నది కీ ట్రానిక్ స్పాంజి-రేకు కీబోర్డే. తర్వాత కాంపాక్ పోర్టబుల్. 1982 నవంబరులో ప్రకటించారు. ఐబీఎం పీసీ సాఫ్ట్‌వేర్ నడిచే, చేత్తో మోసుకెళ్ళే కంప్యూటర్. మోసుకెళ్ళడం అంటే 28 పౌన్లు, మన లెక్కలో 12.7 కిలోలు, గ్యాస్ బండలో సగానికి తక్కువ. సూట్‌కేసులా మూసేస్తే దానికి మూత ఏంటో తెలుసా? కీబోర్డే. ఆ మూతలోనూ ఇదే స్పాంజి. ఆపైన లీసా. ఆ కాలంలో టెర్మినళ్ళు తయారుచేసే చాలామందికి కూడా కీ ట్రానిక్కే సప్లయర్.

ఎందుకింత మంది దీన్నే వాడారు అంటే, చవక. పైగా గట్టిది అని నమ్మకం. లోహం లోహాన్ని తాకే స్విచ్‌లో రెండు తలనొప్పులు. ఒకటి తుప్పు, దుమ్ము. రెండోది బౌన్స్, అంటే ఒకసారి నొక్కితే లోహం చిన్నగా ఎగిరెగిరి పడి నాలుగైదుసార్లు నొక్కినట్టు కనిపించడం (మైక్రోకంట్రోలర్ ల్యాబ్‌లో ఎల్ఈడీతో మనందరం తిప్పలు పడ్డది దీనితోనే). తాకే లోహమే లేకపోతే అరిగే లోహం కూడా లేదు. ఐడియా నిజంగా మంచిది. ఐబీఎం వాళ్ళ ప్రసిద్ధ మోడల్ ఎఫ్ కీబోర్డు కూడా కెపాసిటర్ సూత్రం మీదే పనిచేస్తుంది, కాకపోతే అక్కడ రేకు బదులు గట్టి పలక, దాన్ని తన్నడానికి వంగి ఠక్కున అనే స్ప్రింగ్. ఇవాళ కూడా జపాన్ టోప్రె కంపెనీ స్విచ్‌లు అదే సూత్రం, వాటితో చేసిన కీబోర్డుల ధర చూస్తే మన సెమిస్టర్ మెస్ బిల్లు గుర్తొస్తుంది. మోడల్ ఎఫ్ మీద, టోప్రె మీద గంటల కొద్దీ మాట్లాడే అభిమానులున్నారు. పాపం స్పాంజి-రేకు ఫీల్ గురించి ఎవరూ కవిత్వం రాయలేదు. మెత్తగా దిగుతుంది, చప్పుడు ఉండదు, అడుగున కొంచెం రవ్వ లడ్డు మీద వేలు పెట్టినట్టు ఉంటుంది అంటారు. కానీ దాని వెనక ఉన్న మెషీన్లు మామూలువి కావు. అందుకే దాన్ని బాగుచేయడానికి జనం రాత్రిళ్ళు కూర్చుంటున్నారు.

సరే, స్పాంజి ఎందుకు చస్తుంది? వాడి వాడి అరిగిపోయి అనుకున్నాను నేను. కాదు. మీ ఇంట్లో ఎవరైనా పెళ్ళికో ఫంక్షన్‌కో కొన్న షూస్ డబ్బాలో భద్రంగా దాచి, నాలుగైదేళ్ళ తర్వాత వేసుకుంటే రెండు అడుగులు వేసేసరికి అడుగు భాగం ముక్కలు ముక్కలుగా రాలిపోవడం చూశారా? మా నాన్న షూస్ సరిగ్గా అలాగే పోయాయి, అది కూడా పెళ్ళి మండపంలో. అది కూడా ఇదే జబ్బు. పాలీయురెథేన్. షూ అడుగులు, పాత హెడ్‌ఫోన్ మెత్తలు, పాత స్పీకర్ కోన్ చుట్టూ ఉండే మెత్తటి అంచు, కీబోర్డు స్పాంజి, అన్నీ ఆ కుటుంబమే.

పాలీయురెథేన్‌లో రెండు రకాలు ముఖ్యం. పాలీ-ఎస్టర్ రకం అయితే గాలిలో ఉండే తేమ దాని గొలుసుల్ని ఎస్టర్ బంధాల దగ్గర కోస్తుంది. హైడ్రాలిసిస్. కోసినప్పుడు యాసిడ్ పుడుతుంది. ఆ యాసిడ్ మిగతా బంధాల్ని ఇంకా త్వరగా కోయడానికి సాయం చేస్తుంది. అంటే మొదట నెమ్మదిగా, తర్వాత ఒక్కసారిగా. పాలీ-ఈథర్ రకం నీటికి బాగానే ఆగుతుంది గానీ ఆక్సిజన్‌కీ వెలుతురుకీ లొంగుతుంది. ఎటు తిరిగినా చివరికి స్పాంజి పొడిగానో, పాకం పట్టిన బెల్లంలా జిగటగానో మారుతుంది. గమనించాల్సింది ఏంటంటే, ఇందులో వేలికి పాత్రే లేదు. మీరు టైప్ చేసినా చేయకపోయినా తేమ తన పని తాను చేసుకుపోతుంది. 40 ఏళ్ళు సీలు కూడా విప్పని కొత్త కీబోర్డు దొరికింది అని ఎవరైనా ఎగిరి గంతేస్తే, లోపలి స్పాంజికి కూడా 40 ఏళ్ళే అని గుర్తు చేయండి. విశాఖలోనో మచిలీపట్నంలోనో సముద్రపు గాలి తగిలే ఇంట్లో పెడితే ఇంకా తొందర.

ఇదే కారణంతో విడిభాగాల సమస్య కూడా మామూలు లెక్కకి అందదు. పాత బండికి పార్టు కావాలంటే ఇంకో పాత బండి విప్పుతారు. ఇక్కడ ఆ దారి దాదాపు మూసుకుపోయింది. లీసా కీబోర్డు కోసం అదే కాలం నాటి ఇంకో కీ ట్రానిక్ కీబోర్డు కొని విప్పితే అందులోనూ అదే పొడి కనిపిస్తుంది. ఎక్కడో ఒకచోట బతికున్న బిళ్ళలు దొరికినా అవి కూడా క్యూలో నిలబడ్డవే. పైగా ఒకదాన్ని బతికించడానికి ఇంకోదాన్ని చంపడం. ఇది నాకు అసలు నచ్చదు. కీ టోపీలు, స్ప్రింగులు, కడ్డీలు మాత్రం అలా తీసుకోవచ్చు, అవి దశాబ్దాలు ఆగుతాయి. బిళ్ళలు మాత్రం కొత్తగా చేయాల్సిందే. కీ ట్రానిక్ కంపెనీ ఇప్పటికీ ఉంది గానీ వేరేవాళ్ళకి ఎలక్ట్రానిక్స్ తయారుచేసి ఇచ్చే వ్యాపారంలో ఉంది. అందుకని ఈ పని అభిమానులే చేతుల్లోకి తీసుకున్నారు. స్పాంజి, మైలార్ రేకు కొలత ప్రకారం కత్తిరించి, అతికించి, కీబోర్డుకి సరిపడా సెట్లుగా అమ్మే చిన్న అమ్మకందార్లు ఉన్నారు. కొనలేని వాళ్ళు ఇంట్లో చేసుకుంటారు.

ఇంట్లో ఎలా చేస్తారో చదివాక మా చేతులు ఊరుకోలేదు. మా దగ్గర లీసా లేదు, కాంపాక్ లేదు, దొరికే దారీ లేదు. కానీ ఒక్క కీ చేయడానికి లీసా అక్కర్లేదు కదా! ఈసీఈలో ఉన్న మా రూమ్‌మేట్ దగ్గర ఒక ఆర్డ్యుయినో యూనో, ఒక ముక్క కాపర్ క్లాడ్ బోర్డు ఉన్నాయి. బోర్డు మీద మార్కర్ మూత పెట్టి గుండ్రంగా గీసి, కట్టర్‌తో మధ్యలో గాడి తీసి, రెండు సగాలు చేశాం. ఒక సగం ఏ2 పిన్‌కి, ఇంకో సగం ఏ0 పిన్‌కి. ఏ2 మీద 5 వోల్టుల పల్స్ ఇచ్చి వెంటనే ఏ0 చదవడం. ఏ0 పిన్‌కి సొంతంగా పాతిక పికోఫారడ్‌ల దాకా కెపాసిటెన్స్ ఉంటుంది, మన కీ దానితో వోల్టేజీ పంచుకుంటుంది. బయట ఒక్క రెసిస్టర్ కూడా అక్కర్లేదు, కోడ్ పది లైన్లు.

మొదటి రోజు వంటింటి రేకు వాడాం. నొక్కగానే 1023 వచ్చింది. ఫుల్ స్కేల్! ఇద్దరం చప్పట్లు కొట్టుకున్నాం. ఐదు నిమిషాల తర్వాత వాడే అన్నాడు, "ఒరేయ్, ఇది కెపాసిటర్ కాదురా, వైరు" అని. నిజమే. వంటింటి రేకుకి ప్లాస్టిక్ పొర ఎక్కడుంది? లోహం రెండు ప్యాడ్‌లనీ నేరుగా కలిపేసింది. అసలు కీబోర్డులో ఎవరైనా రేకుని తిరగేసి అతికిస్తే జరిగేది ఇదే. కీ పనిచేసినట్టే అనిపించినా, సర్క్యూట్ డిజైన్ చేసింది దీనికి కాదు, కాబట్టి ఏం చేస్తుందో చెప్పలేం.

రెండో రోజు చిప్స్ ప్యాకెట్. ప్యాకెట్ లోపల తళతళలాడేది ప్లాస్టిక్ పొరల మీద పూసిన సన్నని అల్యూమినియం పూతే, దాని మీద మళ్ళీ ప్లాస్టిక్ ఉంటుంది. మల్టీమీటర్ పెడితే బీప్ రాదు, చూడండి. అంటే మైలార్ రేకుకి చుట్టమే. నూనె పోయేదాకా తుడిచి, గుండ్రంగా కోసి, ముందు తర్మోకోల్ ముక్కకి అతికించి నొక్కాం. 60, 110, 45, 90... నొక్కిన ప్రతిసారీ ఇంకో నంబరు. గట్టిగా నొక్కితే పెరుగుతుంది, వేలు కొంచెం పక్కకి ఒరిగితే పడిపోతుంది. అటక మీంచి దించిన లీసా చేసేది అచ్చం ఇదే కదా అనిపించింది. తర్వాత తర్మోకోల్ పీకేసి, ఆన్‌లైన్ పార్సిల్‌లో వచ్చిన మెత్తటి స్పాంజి ముక్క అతికించాం. అదే రేకు, అదే బోర్డు, అదే కోడ్. వేలు అలా ఆనించగానే 300 దాటి అక్కడే నిలబడింది. ఒరిగించినా నిలబడింది. ఫార్ములా ప్రకారం జరగాల్సింది అదే అని తెలుసు, అయినా ఒక స్పాంజి ముక్కని చూసి అంత సంతోషపడతానని అనుకోలేదు.

ఇక నిజమైన కీబోర్డు మీద చేసేవాళ్ళ పని ఎలా ఉంటుందంటే, ఓపిక పరీక్షలా ఉంటుంది. కాంపాక్ పోర్టబుల్‌కి 83 కీలు. ఒక్కో బిళ్ళకి రెండు నిమిషాలు అనుకున్నా మూడు గంటలు, మధ్యలో టీ లేకుండా. ముందు కీబోర్డు ఫోటో తీసుకోవాలి, ఏ టోపీ ఎక్కడిదో తర్వాత గుర్తుండదు. వెనకాల బోర్డుని పట్టుకున్న చిన్న చిన్న స్క్రూలు చాలా ఉంటాయి. అన్నీ విప్పి బోర్డు పైకెత్తితే వరసగా కడ్డీల అడుగులు, వాటికి వేలాడుతున్న పాత స్పాంజి ముక్కలు, మిగతా అంతా పొడి. బిళ్ళల్ని ఒక్కోటి మెల్లగా ఊడదీసి, పైనున్న ప్లాస్టిక్ క్లిప్ ముక్కని మాత్రం దాచుకోవాలి. అది విరిగితే పని పెరుగుతుంది. దానికి పట్టిన పాత జిగురంతా గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. బోర్డు మీద రాగి ప్యాడ్‌లకి కూడా అదే స్నానం. తుడిచాక ప్యాడ్‌ల మీద వేలు పెట్టకూడదు. స్పాంజి జిగురు ఒక్క రవ్వ మిగిలినా అది వెంట్రుక కన్నా మందమే, లెక్క పైన చూశాం.

స్పాంజి ఎంపిక దగ్గరే అసలు తెలివి. మందం ఎక్కువైతే కీ నొక్కకుండానే రేకు బోర్డుకి ఆనుకుంటుంది, ఆన్ చేయగానే ఆ అక్షరం స్క్రీన్ నిండా వరసగా పడుతుంది. తక్కువైతే చివరిదాకా నొక్కినా చేరదు. గట్టి స్పాంజి అయితే మా తర్మోకోల్ కథే. మరీ మెత్తనిదైతే నొక్కగానే చప్పబడి తిరిగి లేవదు. తలుపు సందులకి అతికించే ఫోమ్ టేపు కొంతమంది వాడతారు. అందులో గాలి బుడగలు మూసుకుని ఉండే రకం త్వరగా పాడవదు గానీ గట్టిగా ఉంటుంది. బుడగలు తెరుచుకుని ఉండే రకం బాగా అణుగుతుంది గానీ మళ్ళీ అది ఎక్కువగా పాలీయురెథేనే. ఆగే స్పాంజి సరిగ్గా అణగదు, అణిగే స్పాంజి ఎక్కువ కాలం ఆగదు. నాకైతే అణిగేదే కావాలి. కంప్యూటర్ ఉన్నది గాజు పెట్టెలో పెట్టి చూడటానికి కాదు, టైప్ చేయడానికి.

అందుకే అతికించేటప్పుడు సూపర్ గ్లూ వద్దు. సన్నని డబుల్ సైడ్ టేపు చాలు. పాతికేళ్ళకో ముప్పయ్యేళ్ళకో ఈ స్పాంజి కూడా పొడవుతుంది, అప్పుడు ఇంకెవరో అవే స్క్రూలు విప్పుతారు. సూపర్ గ్లూ వేసి ఉంటే స్పాంజితో పాటు క్లిప్ కూడా విరిగి చేతికొస్తుంది. స్పాంజి దుకాణంలో దొరుకుతుంది. 1983 నాటి క్లిప్ దొరకదు.